తప్పిపోయిన పిల్లల డేరాలో మా తోడికోడలు

చిన్నపిల్లల్ని వెంటేసుకుని అంత పెద్ద వ్యవసాయ ప్రదర్శనకు వెళ్ళవచ్చా అని నిరుడు ఎవరైనా నన్ను అడిగి ఉంటే, ఇంట్లో ఏ పనీ లేకపోతే వెళ్ళండి అనేదాన్ని. ఎండ, దుమ్ము, పేడ, మైకుల గోల. పెద్దవాళ్ళకు కాళ్ళనొప్పులు, పిల్లలకు ఏడుపులు. ఈ మాట మా తోడికోడలి మొహం మీదే పద్దెనిమిదేళ్ళుగా అంటూ వచ్చాను. అన్నప్పుడల్లా అది పంటితో దారం కొరికి, "నువ్వెప్పుడైనా వచ్చి చూశావా అక్కా?" అనేది. రాలేదు. చూడకుండానే చెప్పగలిగిన సంగతులు నాకు చాలా ఉన్నాయి.

మా మరిది భార్య అది, నాకంటే పదేళ్ళు చిన్న. ఏడాది పొడుగునా కిటికీ పక్కన మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ప్రదర్శన జరిగే నాలుగు రోజులు మాత్రం మిషను మీద దుప్పటి కప్పి మైదానానికి వెళ్ళిపోతుంది. అక్కడ దానికొక డేరా ఉంది. తప్పిపోయిన పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టే డేరా.

అదెలా మొదలైందో చెప్పాలి. దాని కూతురు నాలుగేళ్ళప్పుడు ఆ మైదానంలోనే తప్పిపోయింది. రెండు గంటలపాటు ఇది గేటు దగ్గరికి పరిగెత్తింది, బస్సుల దగ్గరికి పరిగెత్తింది, నీళ్ళ ట్యాంకులోకి కూడా తొంగి చూసింది. తీరా పిల్ల గొర్రెల దొడ్డి దగ్గర దొరికింది, కంచె కర్రల మధ్య మొహం ఆనించుకుని. పొద్దున దాన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది సరిగ్గా అక్కణ్ణుంచే. ఇది పిల్లను చంకనేసుకుని నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి, పిల్ల కనబడకపోతే అడగడానికి ఒక్క మనిషిని పెట్టలేరా అని అందరినీ దులిపేసింది. గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, "అయితే మీరే వచ్చి కూర్చోండి" అన్నాడట. వెటకారానికి అన్నాడు. ఇది నిజంగానే వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు నేర్చుకున్న పాఠంతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. ఏడుస్తూ వచ్చిన తల్లిని, పిల్ల ఏ రంగు గౌను వేసుకుందని అడగదు. "ఎక్కణ్ణుంచి లాక్కొచ్చావమ్మా?" అని అడుగుతుంది. వాళ్ళు దూడ దగ్గర్నుంచనో తేనెటీగల పెట్టె దగ్గర్నుంచనో చెబుతారు. వెళ్ళి చూస్తే పిల్ల అక్కడే ఉంటుంది. డేరాలో ఒక రిజిస్టరు పెట్టుకుంది. పేరు, వయసు, ఎక్కడ దొరికింది. ఆఫీసు వాళ్ళు మొదటి రెండు గడులే అడిగారు. మూడోది ఇది సొంతంగా గీసుకున్నది.

ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. మా చిన్నవాడి వయసుంటుంది, నడుముకి వాకీటాకీ. ప్రదర్శనకు ముందురోజు ఆ రిజిస్టరు తిరగేసి, నిరుడు డెబ్బై ఒక్క మంది పిల్లలు తప్పిపోయారని తేల్చాడు. ఈసారీ ఇలాగే ఉంటే వచ్చే ఏడు నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని లోపలికి రానివ్వబోమని, అప్పుడిక డేరాతో పని ఉండదని దానితో చెప్పాడు.

సాయంత్రం అది మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. ఎప్పుడూ వాగే మనిషి గోటితో నేల గీకుతోంది. నాకే భయమేసి అడిగాను.

"ప్రతి పిల్ల పేరూ నా చేత్తో రాశానక్కా. ఆ రాతే ఇప్పుడు పిల్లల్ని గేటు బయట నిలబెడుతోంది."

"పోనీలే, నాలుగు రోజులు నడుం వాల్చుకోవచ్చు" అన్నాను. అని దాని మొహం చూశాను. ఆ మాట మింగేయగలిగితే బాగుండుననిపించింది. దిద్దుకోవడం నాకు చేతకాదు, అందుకని ఇంకోటి అన్నాను. "రేపు నేనూ వస్తాను, మనవరాల్ని తీసుకుని. నేను వెంట ఉండగా పిల్ల ఎలా తప్పిపోతుందో ఆ మేనేజరుకి చూపిస్తాను."

మా మనవరాలికి ఐదేళ్ళు. లోపలికి వెళ్ళగానే ఎదురుగా కోళ్ళవాళ్ళ స్టాలు, అందులో గుడ్లు పొదిగే అద్దాల పెట్టె. ఒక గుడ్డుకి సన్నగా పగులు. మనవరాలు గొంతుక్కూర్చుండిపోయింది.

"నానమ్మా, లోపల్నించి ఎవరో కొడుతున్నారు."

"కొట్టుకోనీ. ఇంకా బోలెడు చూడాలి, పద."

"బయటికొచ్చేదాకా ఉందాం."

"అది వచ్చేసరికి నాకు ముసలితనం వస్తుంది."

"నీకొచ్చేసిందిగా!"

స్టాలు ఆయన కిసుక్కున నవ్వాడు. నేను రెక్క పట్టుకుని లేవదీశాను. టికెట్టు కొన్నాక అన్నీ చూడాలి కదా. ట్రాక్టర్లు చూశాం, నాగళ్ళు చూశాం, విత్తనాల ప్యాకెట్లు చూశాం. నీళ్ళ పంపు ఎంత ఎత్తుకి చిమ్ముతుందో చూపిస్తుంటే చేతులు అడ్డం పెట్టుకుని తలెత్తి చూశాను. తల దించేసరికి పక్కన పిల్ల లేదు.

ఎటు పరిగెత్తానంటారు? గేటు వైపే. ఆ కథంతా ఇంటిల్లిపాదికీ నవ్వుతూ చెప్పినదాన్ని, నేనూ గేటు వైపే పరిగెత్తాను. మేనేజరు ఈసారి డేరాను గేటు పక్కన వేయించాడు. గుడ్డ తెర దగ్గర ఆగిపోయాను. లోపల మా తోడికోడలు ఎవరి పాపదో గౌనుకి గుండీ కుడుతోంది. పక్కనే మేనేజరు, చేతిలో రిజిస్టరు. నేను నోరు విప్పితే ఆ లెక్కలో ఇంకొకటి పెరుగుతుంది. అదీ మా ఇంటి పిల్ల. విప్పకపోతే పిల్ల ఎక్కడుందో.

అదే తలెత్తి నన్ను చూసింది. సూది గౌనుకే గుచ్చి లేచింది.

"ఎక్కణ్ణుంచి లాక్కొచ్చావక్కా?"

"నేనేం లాక్కురాలేదు."

"అక్కా."

"... గుడ్ల పెట్టె దగ్గర్నుంచి."

మేనేజరు వాకీటాకీ తీశాడు. "మైకులో చెప్పిద్దామండీ."

"మైకులో పేరు వినబడితే పిల్లలు బెదిరి దాక్కుంటారు సార్. మీరూ రండి."

ముగ్గురం వెళ్ళాం. పిల్ల అక్కడే ఉంది, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని మరీ కూర్చుంది. స్టాలు ఆయన నన్ను చూసి, "వచ్చారా! 'మా నానమ్మ ట్రాక్టర్లు చూస్తోంది, అయిపోయాక వచ్చేస్తుంది' అందండీ. మీకోసం ఎవరినైనా పంపుదామనుకుంటున్నాను" అన్నాడు.

వీపు మీద ఒక్కటిద్దామని చెయ్యెత్తాను.

"ష్! నానమ్మా, రెక్క బయటికొచ్చింది."

ఎత్తిన చెయ్యి దించి చూశాను. పెంకు సగం ఊడింది. లోపలి ప్రాణి రెండు తోపులు తోసి అలిసిపోయి పడుకుంటోంది, మళ్ళీ తోస్తోంది. మోకాళ్ళు అరిచినా పక్కన చతికిలబడ్డాను. మా తోడికోడలు కూర్చుంది. కాసేపటికి చూస్తే మేనేజరూ ఇస్త్రీ ప్యాంటు మడతలు మరిచిపోయి కూర్చున్నాడు. నడుము దగ్గర వాకీటాకీ గరగరలాడింది.

"అంకుల్, దానికి భయమేస్తుంది" అంది మనవరాలు.

ఆయన వాకీటాకీ నోరు నొక్కేశాడు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. చివరికి కోడిపిల్ల తడిసిన పీచుముక్కలా బయటపడి, నిలబడబోయి ముందుకి బోర్లాపడింది. అంత వికారమైనదాన్ని చూసి నలుగురం చప్పట్లు కొట్టాం.

"ఇంకోటి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది మనవరాలు కాదు, మేనేజరు.

డేరాకి తిరిగొచ్చాక ఆయన రిజిస్టరు మళ్ళీ తెరిచాడు. ఈసారి మూడో గడి మీద వేలు పెట్టి చదివాడు. దూడ మూతి దగ్గర. తేనెటీగల పెట్టె దగ్గర. బాతుల నీళ్ళలో, మోకాలి దాకా. పేజీలు తిప్పుతూ పోయాడు.

"ఇన్నేళ్ళలో ఒక్క పిల్ల కూడా గేటు దగ్గర దొరకలేదా?"

"లేదు సార్. వాళ్ళకి బయటికెళ్ళే పనేముంది?"

"మరి డేరా ఇక్కడెందుకు?"

"మీరే కదా వేయించారు" అంది మా తోడికోడలు, గుండీ కుట్టడం ఆపకుండా.

మనిషి మంచివాడే, నవ్వాడు. రేపటికల్లా డేరాను కోళ్ళకీ దూడలకీ మధ్యకి మార్పిస్తానన్నాడు. ఎనిమిదేళ్ళ సంగతి ఇంకా తన బల్ల మీదే ఉందని, పైకి పంపబోనని చెప్పాడు. ఇది ఊరుకుంటుందా, అందులోనే రెండు బెంచీలు, ఒక నీళ్ళ కుండ అడిగేసింది.

కాబట్టి ఇప్పుడెవరైనా అడిగితే, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి అంటాను. పొద్దున్నే వెళ్ళండి. పిల్ల ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి. ఒక్కటే చూసి ఇంటికొచ్చినా ఫరవాలేదు, ట్రాక్టర్లు ఎక్కడికీ పోవు. మా మనవరాలు వారం రోజులు ఆ గుడ్డు కథే చెప్పింది. బోర్లాపడ్డం చేసి మరీ చూపించింది.

ఆ రోజు మేనేజరు వెళ్ళాక మా తోడికోడలు రిజిస్టరు ముందుకు లాక్కుంది.

"మన పిల్ల పేరు రాయకే" అన్నాను.

"రాయడం లేదులే. పిల్ల ఉన్నచోటే ఉందిగా" అంటూనే ఏదో రాసి నా వైపు తిప్పింది. నేను చదివింది మూడో తరగతి. కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. పేరు: మా అక్క. వయసు: డెబ్బై. ఎక్కడ దొరికింది: గేటు దగ్గర.

నాకు అరవై తొమ్మిదే. కొట్టేయించి, దగ్గరుండి సరిగ్గా రాయించాను.