మాగ్న చూసిన తెల్ల విమానం

మాగ్న ఆ విమానాన్ని చూసినప్పుడు ఏడేళ్ళ పిల్ల. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతోంది. ఉత్తర నార్వేలో వసంతం మొదలైనా సరస్సు పూర్తిగా కరగలేదు. ఇంజను ఆగిపోయిన జర్మను యుద్ధవిమానం ఒకటి కొండ మీదుగా చప్పుడు లేకుండా జారి వచ్చి, మంచు మీద పొట్ట రాసుకుంటూ ఆగింది. పైలటు దిగి, కుంటుకుంటూ అవతలి ఒడ్డెక్కి పోయాడు. పిల్ల పరుగెత్తి ఇంట్లోవాళ్ళను తీసుకొచ్చేసరికి మంచు విరిగి విమానం మునిగిపోయింది.

తెల్ల విమానమనీ, పక్కన పసుప్పచ్చ ఆరు అంకె ఉందనీ చెప్పింది. ఊరి మీదుగా తిరిగేవన్నీ బూడిదరంగువి. తెల్లదెక్కడిదని అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఆమె అన్న ఒడ్వార్.

మాగ్న పెరిగి పడవలకు రంగులు వేసే పనిలోకి దిగింది. పెళ్ళి మీద మనసు పోలేదు. ఒకరి కింద పని చేయనంది. ఊరి రేవులో ఆమె చేత్తో పేరు రాయించుకోని పడవ లేదు. ఒడ్వార్ మాత్రం ఏ విందులోనైనా, "మా చెల్లి కలలోకొచ్చిన విమానానికి కూడా సున్నం కొట్టేస్తుంది" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. మాట మాత్రం మార్చుకోలేదు.

ఆమె తల నెరిసిన తర్వాత మ్యూజియం పంపిన ఈతగాళ్ళు ఆ విమానాన్ని సరస్సులోంచి పైకి తీశారు. బురద కారుతూ పైకొచ్చింది, ముదురు బూడిదరంగులో. ఒడ్డు మీద ఒడ్వార్ గొంతు పెంచాడు. "చెల్లీ, నీ తెల్లది అడుగున ఇంకోటి ఉందేమో. వీళ్ళను మళ్ళీ దూకమను."

 మర్నాడు మాగ్న మ్యూజియం షెడ్డుకు వెళ్ళి, తనూ కడుగుతానంది. అక్కడ విమానం బాగుచేసే సిగ్వె సంతోషంగా బ్రష్ ఇచ్చాడు. ఇద్దరూ వారాల తరబడి సున్నితంగా బురద తీశారు. ముందు పసుప్పచ్చ ఆరు బయటపడింది. దాని కింద చెరిపేసిన తెల్ల రెండు అంకె లీలగా కనిపించింది. లోపలి రేకు మీద చెక్కిన ఫ్యాక్టరీ నంబరు పట్టుకుని సిగ్వె ఆరా తీశాడు. ఆ విమానం మొదట ఫ్రాన్సు తీరంలో రెండో నంబరుగా ఎగిరి, దెబ్బతిని, బాగుపడి, ఉత్తరానికి వచ్చి ఆరో నంబరయింది.

"అంకె దొరికింది. మరి తెలుపు?" అంది మాగ్న.

"చలికాలం కోసం నీళ్ళలో కరిగే తెల్లరంగు పూసేవాళ్ళు. మీరు చూసింది అదే అనుకుంటా. కానీ ఇన్నేళ్ళు నీళ్ళలో ఉన్నాక మిగులుతుందా అన్నదే అనుమానం."

"పూసినవాడి బ్రష్ సందుల్లోకి కూడా పోతుంది కదా. అతుకు విప్పండి."

రెక్క, ఒళ్ళు కలిసేచోట కప్పిన రేకు విప్పారు. గట్టిపడ్డ బంకమట్టి పెచ్చుగా ఊడి వచ్చింది. దాని వెనక బ్రష్ గీతలతో సహా, పాలలాంటి తెలుపు. మాగ్న వేలు ఆనించకుండా చాలాసేపు చూసింది. తర్వాత అన్నకు కబురు పంపింది.

ఒడ్వార్ వచ్చి, వంగి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నా నోటికి తాళం వేశావే చెల్లీ."

"ఇప్పుడే వేసుకోకు. ఊళ్ళో నవ్వినవాళ్ళందరికీ నువ్వే చెప్పి రావాలి."

చెప్పి వచ్చాడు, ఇల్లిల్లూ తిరిగి. ఆ వేసవిలోనే, నీళ్ళలో పోయిన తెలుపు విమానానికి మళ్ళీ పూశారు, అతుకు దగ్గరి పాతది మాత్రం అలాగే ఉంచి. మసకబారిన ఆరు మీద పసుపు దిద్దే పని మాగ్నదే. జనం చుట్టూ మూగారు.  చివరి వంపు తిప్పి బ్రష్ తీయగానే షెడ్డంతా చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది ఒడ్వారే.