రాజేశం కాక ఇంట్లో డేటా తిన్నదెవరు

2024 వర్షాకాలం. సూరత్‌లో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా నాకది మూడో ఏడాది. నా ఏరియా ఉధ్నా. అక్కడి గల్లీల్లో సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడిపే తెలంగాణ కుటుంబాలు ఎక్కువ. కాబట్టి తెలుగు కస్టమర్ అనగానే ఆఫీసువాళ్లు నా పేరే రాసేవారు.

రాజేశం కాక ఇంటి కంప్లయింట్ ఒక్క వాక్యం: నెల డేటా కోటా సగం నెలకే అయిపోతోంది. కోటా దాటగానే సిస్టమే స్పీడ్‌ను బాగా తగ్గించేస్తుంది. దాన్నే మేం ఎఫ్‌యూపీ అంటాం. ఆ ఇంట్లో ముగ్గురు. ముప్పై ఏళ్లుగా సాంచాల మీద ఉన్న కాక, ఆయన కొడుకు, కోడలు లావణ్య. ఇంటి నుంచే తెలుగు కస్టమర్ల కాల్స్ తీసుకునే ఉద్యోగంలో లావణ్య కొత్తగా చేరింది. స్పీడ్ పడిపోయి కాల్స్ తెగిపోతున్నాయి. ఇలాగే సాగితే ఉద్యోగం ఉండదని కంపెనీ చెప్పేసింది.

కాకకు మాత్రం కారణం ముందే తెలుసు. "పొద్దంత ఆ కంప్యూటర్ ముంగట కూసుంటది. ఇంకెవలు తింటరు?"

మొదటిసారి వెళ్లినప్పుడు రౌటర్‌లో వైఫై పరికరాల జాబితా తెరిచి, ఏది ఎంత వాడిందో రాసుకున్నాను. మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్. అన్నీ కలిపినా పోయిన డేటాలో పదో వంతు కూడా కాలేదు. టీవీ తెర నల్లగా ఉంది. 'టీవీ: ఆఫ్' అని టిక్ పెట్టాను. పక్కింటివాళ్లు ఎప్పుడో వాడుకుంటున్నారని అనుమానించి, పాస్‌వర్డ్ మార్చి వచ్చేశాను.

తర్వాతి నెల మళ్లీ అదే కంప్లయింట్. వెళ్లేసరికి నేను పెట్టిన కొత్త పాస్‌వర్డ్ గుమ్మం పైన చాక్‌పీసుతో, గల్లీ మొత్తానికీ కనబడేంత అక్షరాల్లో ఉంది.

"ఇదేంది కాకా?"

"మర్చిపోత గదా బిడ్డా. కార్ఖానల నూలు చుట్టిన బీము నంబరు గూడ గిట్లనే రాసుకుంటం."

చెరిపేసి, మళ్లీ మార్చి, లావణ్య ఒక్కదానికే చెప్పాను. టీవీకి మళ్లీ టిక్ పెట్టాను. డేటా ఖర్చు మాత్రం తగ్గలేదు.

మూడోసారి వెళ్లింది అదే నెలలో, కనెక్షన్ తీసేయడానికి. కాకే ఆఫీసుకు ఫోన్ చేసి పీకేయమన్నాడట. లావణ్య మెడలో హెడ్‌సెట్‌తో గుమ్మంలోనే ఎదురైంది. "రేపు పొద్దున లాగిన్ కావాలె అన్నా. జర ఇంకొక్కసారి చూడుండ్రి."

ఆ రోజు కార్ఖానాకు సెలవు. కాక టీవీలో భజన చూస్తున్నాడు. నన్ను చూసి మర్యాదగా రిమోట్ నొక్కాడు, తెర నల్లబడింది. నేను రౌటర్‌లో వైఫై పూర్తిగా ఆపేశాను. అయినా దాని మీద ఒక లైట్ గబగబా మిణుకుతూనే ఉంది. అది వైర్ పోర్టుది. వైర్‌తో కలిపినదానికి పాస్‌వర్డ్‌తో పని లేదు, వైఫై జాబితాలోనూ కనబడదు. రెండుసార్లూ నేను చూసింది ఆ జాబితా ఒక్కటే.

వైర్ పట్టుకుని పోతే టీవీ వెనక స్ట్రీమింగ్ బాక్స్ దొరికింది, ఇంటర్నెట్ నుంచి వీడియో తెచ్చి టీవీకి అందించే డబ్బా. ముట్టుకుంటే వేడిగా ఉంది. టీవీ మళ్లీ వేశాను. భజన ఆపిన చోట లేదు. చాలా ముందుకు వెళ్లిపోయింది.

"కాకా, డ్యూటీకి వొయ్యేటప్పుడు దీన్ని బంద్ చెయ్యవా?"

"టీవీ బంద్ చేస్త గదా."

"మరి డబ్బా?"

"నడిచే మిషిన్‌ను ఎందుకు ఆపుతం? సాంచ ఆపితే బట్ట మీద గీత వడ్తది. నేను దిగంగనే ఇంకో కారీగర్ నిలవడ్తడు, అది నడుస్తనే ఉంటది. అయినా చూసెటోడే లేనప్పుడు ఖర్చెట్లయితది?"

అంటే ఆయన షిఫ్టులో ఉన్నంతసేపూ, నిద్రపోయినంతసేపూ, నల్లటి తెరకు భజనలు. దానికోసం నేను మూడుసార్లు తిరిగి, రెండు పాస్‌వర్డ్‌లు మార్చాను. నవ్వే ఓపిక లేదు.

"సాంచ ముంగట కారీగర్ లేకున్నా, నడిచినంతసేపు నూలు అయిపోతది గదా కాకా?"

కాక "గట్లనా," అని లేచి, వైరు తనే పీకాడు. "మూడుసార్లు వచ్చినవ్. సదువుకున్నోనివి. గీ వైరు నీకు గిప్పుడు కనవడ్డదా?"

ఆయనే కనెక్షన్ తీసేసే ఫారం నా చేతిలోంచి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోడలి వైపు మాత్రం చూడలేదు.

ఆ నెలలో మిగిలిన రోజులకు తగ్గిన స్పీడే. రౌటర్‌లో లావణ్య ల్యాప్‌టాప్‌కు మొదటి ప్రాధాన్యం పెట్టాను. మాటల కాల్స్‌కు అది సరిపోయింది, ఉద్యోగం నిలిచింది. ఆ రోజు నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె బయటికి వచ్చింది.

"అన్నా, నా ల్యాప్‌టాప్ కాదని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటిసారే. ఉత్త మాటలకు డేటా ఎక్కువ వట్టదు."

"మరి గప్పుడే మామకు చెప్తే అయిపోతుండె గదా. నెల రోజులు మాటలు పడ్డ."

మొదటి రోజు కాగితంలో నా చేతిరాతతోనే ఉంది: 'ల్యాప్‌టాప్: చాలా తక్కువ.' అసలు కారణం దొరికాక అంతా కలిపి చెబుదామనుకుని దాన్ని ఫైల్లో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు వైర్లు చూస్తాను, అది ఎవరైనా నేర్పగలిగే పని. ఆ ఇల్లు నేర్పింది వేరు. వాడుతున్నది ఎవరో తేలకపోయినా, ఎవరు కాదో తేలిన నిమిషమే, ఇంట్లో అందరినీ పిలిచి నా కాగితం గట్టిగా చదివి వినిపిస్తాను.