అడుగు కనపడని గిన్నె

అగ్గిపుల్ల గీసి, బఫే గిన్నెల కింద మంట కోసం పెట్టే జెల్ డబ్బాకు అంటిస్తే మంట కన్నా ముందు వాసన వస్తుంది. కొంచెం స్పిరిట్, కొంచెం పాత స్టీలు, కాసేపటికి వాటి మీద కాగే నీళ్ళ ఆవిరి. నిన్న కర్నూలులో ఒక కల్యాణ మండపంలో బఫే బల్ల సర్దుతుంటే పక్కన నిలబడిన పెద్దాయన ఒకరు ముక్కు చిట్లించి, తనకు ఈ వాసన వస్తే సూదిమందు గుర్తొస్తుందన్నాడు. అంటూనే చేయి రుద్దుకున్నాడు పాపం. నాకు సూది గుర్తుకు రాదు. సూదిలా మాట్లాడే ఓబులమ్మక్క గుర్తొస్తుంది.

ఆమెను మీరు చూసి ఉండరు. కానీ కడపకూ కర్నూలుకూ మధ్య ఏదో ఒక పెండ్లిలో ఆమె వండించిన అన్నం తినే ఉంటారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలు. మైదుకూరులో మెయిన్ రోడ్డు వెనక వీధిలో ఆమె వంటశాల. తనను తాను పొగుడుకోవడానికి ఆమెకు ఏనాడూ మొహమాటం లేదు. "నా పప్పు తిన్నోడు అత్తగారింటి పప్పుకు వంకలు పెడతాడప్పా. కొత్తల్లుళ్ళకు కొంచెం తక్కువ వడ్డించండి, కాపురాలు నిలబడాల" అని వడ్డించేవాళ్ళను హెచ్చరించేది.

నేను అప్పుడు అదే ఊళ్ళో సెల్‌ఫోన్ల అంగడి పెట్టి, ఉన్న నాలుగు సెల్లులూ అమ్ముడుపోక చతికిలపడ్డాను. షట్టరు దించిన మరునాడు ఓబులమ్మక్క నన్ను టీకొట్టు దగ్గర పట్టుకుంది.

"అంగడి మూసినావంట గదా. ఏం చేస్తాండావు?"

"ఆలోచిస్తాండా, అక్కా."

"ఆలోచనకు జీతమెవురిస్తాండారు? రేపు పొద్దున వంటశాలకు రా. నీ ఇంటిపేరేంది?"

"చల్లా."

ఆమె టీ గ్లాసు దించి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "సరిపాయె. నాది వేడిగా ఉంచే పని. వచ్చేటప్పుడు ఆ ఇంటిపేరును చెప్పులతో పాటు బయటిడిచి రా."

మొదటి రోజే నా ఇంటిపేరు నిలబెట్టాను. బఫే గిన్నె కింద ఒక లోతు పళ్ళెం ఉంటుంది, అందులో నీళ్ళు పోయాలి, దాని కింద మంట పెట్టాలి. నేను తొట్టిలోని నీళ్ళు తెచ్చి పోసి, మంట ముట్టించి, ఏదో యాగం పూర్తి చేసినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. అక్క వచ్చి నీళ్ళలో వేలు పెట్టింది.

"ఏమప్పా, కూరను వేడిగా పెడ్తాండావా, స్నానం చేయిస్తాండావా?"

"మంట ఉంది కదక్కా, కాగుతాయి."

"ఈ మంట కాపలాదారు. వంటోడు గాదు. ఉండే వేడిని కాపాడతాది గానీ, ల్యాని వేడిని యాడనుంచి తెస్తాది? కాగే నీళ్ళు పొయ్యి. ఉడికే కూర పెట్టు. మూతెయ్యి. ఆమీద కాపలా."

మా ఎండలు చూసి చాలామంది పొరపాటు పడతారు. రోడ్డు మీద తారు కరిగే ఊళ్ళో అన్నం చల్లారుతుందా అనుకుంటారు. మా ఎండ కూరను వేడిగా ఉంచదు, గోరువెచ్చగా ఉంచుతుంది. గోరువెచ్చని కూర అంటే కంటికి కనపడని క్రిములకు పెండ్లి భోజనం. వాటిని ఎవరూ పిలవరు, అయినా అందరికన్నా ముందు పంక్తిలో కూర్చుంటాయి. అందుకే పెరుగు వడ మంచుగడ్డల మీద ఉండాలి, కూర ఆవిరి మీద ఉండాలి. ఈ రెంటికీ మధ్యన ఉన్నది ఓబులమ్మక్క దృష్టిలో అన్నమే కాదు.

కొన్నాళ్ళకు నేను ఒక థర్మామీటరు కొన్నాను, కూరలో గుచ్చి చూసేది. దాన్ని చూసి వంటశాల అంతా నవ్వింది. అక్క అందరికన్నా గట్టిగా నవ్వింది. "వంకాయకు జరమొచ్చినాదా డాక్టరూ?" అంది. నేను నవ్వేసి, ఎవరూ చూడనప్పుడు గుచ్చుకుంటూ తిరిగేవాడిని. నంద్యాలలో ఒక నిశ్చితార్థం. వడ్డన అప్పుడే మొదలైంది. వీడియో తీసే అబ్బాయి గుత్తివంకాయ అందంగా కనపడాలని మూత తీయించాడు, ఎదురుగా నిలువెత్తు ఫ్యాను తిరుగుతోంది. అక్క గిన్నె అంచు తాకి "బాగుండాది" అంది. నేను నసుగుతూ గుచ్చి, చూపించాను. గిన్నె అంచు కాలుతోంది గానీ నడిమధ్య వంకాయ మాత్రం చల్లబడే దారిలో ఉంది. అక్క ఆ ముల్లును చూసింది, నన్ను చూసింది. వెళ్ళి ఫ్యాను మొహం తనే తిప్పింది. గిన్నె లోపలికి పంపి మళ్ళీ కుతకుత ఉడికించి తెప్పించింది. వీడియో అబ్బాయితో, "నీకు కావల్సినంతసేపు నన్ను తీసుకో నాయనా, నేను చల్లారను. వంకాయను మాత్రం ఇడిసిపెట్టు" అంది.

ఆ సాయంత్రం నా చేతిలోంచి థర్మామీటరు లాక్కుని, "నా వేలు చిన్నప్పట్నుంచి మంట తింటాండాది. దానికిప్పుడు అంతా ఒకటే మాదిరి తోస్తాదేమో" అని, దాన్ని జడపిన్నులా కొప్పులో దోపుకుంది. ఆ తర్వాత అది నాకు తిరిగి రాలేదు. కొన్నది నేను, కొప్పున పెట్టుకున్నది ఆమె.

కానీ ఆమె నుంచి నేను నేర్చుకున్న అసలు పని ఆవిరితోనూ ముల్లుతోనూ కాదు. పెండ్లి వంట మాట్లాడుకోవడానికి ఎవరింటికి వెళ్ళినా, వంటకాల సంగతి ఎత్తకముందే ఆమె ఒక ప్రశ్న అడిగేది. "మీకు దేని మీద బెంగ?" వాళ్ళు ముందు నవ్వేవారు. తర్వాత మెల్లగా చెప్పేవారు. ఒకరికి వాన బెంగ, ఒకరికి బావమరిది బెంగ. ఒకావిడకు, పెద్దవాళ్ళు పళ్ళెం పట్టుకుని నిలబడి ఎలా తింటారని. ఆ పెండ్లిలో బఫే పక్కనే ముసలివాళ్ళకు బల్లలు వేసి, ఆకులేసి వడ్డించాం. బయటికొచ్చాక అక్క అనేది, "ముందు వాళ్ళ బెంగ తీర్చాలప్పా. తీర్చినాక మనం ఏం చెప్పినా ఇంటారు. తీర్చకముందు ఏం చెప్పినా పెత్తనమే."

రాయచోటి పెండ్లి నాటికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. వ్యాన్ దిగుతూ, "ఈ పొద్దు బల్ల నీది. నేను కుర్చీలో కూర్చోని నీ మీద చాడీలు చెప్పుకుంటా" అంది. నడి వేసవి, మధ్యాహ్నం భోజనాలు. పెద్ద రైతు కుటుంబం, బంధువులు తరగని వరస. మేము చిన్న గిన్నెలే పెడతాం. ఒకటి తరుగుతుండగానే తీసేసి, పొయ్యి మీదనుంచి కొత్తది తెస్తాం. పాతదాంట్లో కొత్తది పోయం. చాలాసేపు గరిటెలు తిరిగి వేడి తగ్గినదాని మీద కొత్త పప్పు పోస్తే, మంచిది కూడా చెడ్డదానితో కలిసిపోతుంది.

పెండ్లికూతురి జేజి, అంటే నాయనమ్మ, బల్ల చివర కుర్చీ వేయించుకుని కూర్చుంది. మావాళ్ళు తరిగిన పప్పుగిన్నె ఎత్తబోయారు. ఆమె చేతికర్ర అడ్డం వచ్చింది.

"యాడికి ఎత్తకపోతాండారు?"

"అయిపోతాండాది అవ్వా. వేరేది తెస్తాం."

"దించు. మా ఇంట్లో గిన్నె అడుగు కనపడేదానికి ల్యా. కొత్తది తెచ్చి దాంట్లోనే పొయ్యండి."

నేను ముందుకెళ్ళి నా చదువంతా వినిపించాను. ఎండ, వేడి, బ్యాక్టీరియా. ఆమె శ్రద్ధగా విని, "మా ఇంటికొచ్చేటోళ్ళంతా నాకు తెలిసినోళ్ళే. ఆ బ్యాక్టీరియా ఎవురప్పా, మగపెండ్లోళ్ళ తరఫా?" అంది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంతలో ఆమె కొడుకు, పెండ్లికూతురి తండ్రి, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, మాయమ్మ చెప్పినట్ల చెయ్యి. చెయ్యలేకుంటే పక్కకు జరుగు, మావోళ్ళే పోసుకుంటారు."

వరసలో పిల్లలున్నారు, కడుపుతో ఉన్న ఒక అమ్మాయి ఉంది. ఆ ఎండలో పాతదాంట్లో కొత్తది పోయడం పప్పుతో మొదలైతే కోడికూర దాకా పోతుంది. కాదని నేను పక్కకు జరిగితే వాళ్ళు పోసుకోనే పోసుకుంటారు. సరేనంటే ఆ పోసేది నా చేత్తోనే. ఓబులమ్మక్క వైపు చూశాను. ఆమె కూడా నా వైపే చూస్తోంది. లేవలేదు.

నేను ఆ అవ్వ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను. "అవ్వా, అడుగు కనపడితే ఏమైతాదని నీ బెంగ?"

ఆమె కర్ర దించింది. "నా పెండ్లి కరువులో అయినాది నాయనా. మా నాయన యాడాడో తిరిగి బియ్యం తెచ్చినాడు. మగపెండ్లోళ్ళు సగం తింటాండంగనే గంగాళంలో గరిటె కర్రుమని గీసుకున్యాది. ఆ సప్పుడికి అందరూ తలెత్తినారు. మా నాయన తల దించుకున్యాడు." వరస వైపు ఒకసారి చూసింది. "ఆమీద ఆయన ఎవురింటి పెండ్లికీ పోలే."

నేను లేచాను. పప్పుగిన్నె పక్కనున్న కీరా ముక్కల పళ్ళేలు జరిపించాను. ఆ చోట ఇంకో లోతు పళ్ళెం పెట్టించి, కాగే నీళ్ళు పోయించి, మంట ముట్టించాను. లోపలినుంచి పొగలు కక్కుతున్న నిండు గిన్నె తెప్పించి అక్కడ పెట్టించాను.

"అవ్వా, దీని మూత నువ్వు తియ్యి."

ఆమె తీసింది. ఆవిరి ఆమె ముఖానికి కొట్టింది. అప్పుడు పాత గిన్నెకు మూత పెట్టించాను. "నిండుది వచ్చినాకే పాతది పోతాది. అది కూడా మూతేసుకోని పోతాది. అడుగు ఎవురికీ కనపడదు. గరిటె గీసుకునే సప్పుడు ఎవురికీ ఇనపడదు."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. గరిటె తీసుకుని కొత్త గిన్నెలో అడుగుదాకా ముంచింది. పైకి తీసి, పప్పు జారడం చూసింది. మళ్ళీ ముంచింది. "నిండుగా ఉండాది" అని తనలో తను అనుకుని, వరస వైపు తిరిగి కసిరింది. "రాండప్పా, బొమ్మల మాదిరి నిలబడ్నారేం?"

ఇక ఆ పూట బల్ల నాది కాదు. "కోడికూర తగ్గుతాండాది, నిండుది పట్రాండి!" అని ఆమె కేక వేయడం, మావాళ్ళు పరుగెత్తడం. ప్రతి మూతా తనే తీసింది. సగానికి తగ్గకముందే కేక వేస్తుంటే లోపల మా వంటమాస్టరు తల పట్టుకుని, "అన్నా, ఈ అవ్వను మనతో తీసకపోదామా, ఈన్నే ఇడిసిపోదామా?" అన్నాడు. కొడుకు మాత్రం దూరంగా నిలబడి, తన పెండ్లి నాడు కూడా తల్లి ఇంత హుషారుగా లేదని ఎవరికో చెబుతున్నాడు.

తిరుగుప్రయాణంలో ఓబులమ్మక్క నా పక్క సీట్లో మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంది. పొగుడుతుందని నేను వినయంగా ముఖం పెట్టుకు కూర్చున్నాను.

"కీరా ముక్కల్ని ఎండలోకి జరిపినావు. సూసినా" అంది.

"మళ్ళా లోపలికి పంపినా అక్కా."

"అదీ సూసినా."

"నేను అల్లాడిపోతాంటే నువ్వు లేవలేదేమక్కా?"

"మోకాళ్ళు నొప్పి." వ్యాన్ గువ్వలచెరువు ఘాట్ రోడ్డు దిగాక మళ్ళీ తనే అంది. "లేచినా ఏం చేసేదాన్నో నాకు తెల్దు. ఆ ముసలామెతో కొట్లాడేదాన్నేమో. పక్కన ఒక చోటు ఖాళీగా పెట్టుకోవాలని నాకెప్పుడూ తోచలేదప్పా."

ఆ తర్వాతి పెండ్లిలో బల్ల సర్దుతుంటే, అక్క కుర్చీలోంచే చేత్తో చూపించి, "ఈడ ఏమీ పెట్టొద్దండి, ఇది ఖాళీ చోటు" అని మావాళ్ళకు తనే చెప్పింది. అది తను కనిపెట్టిందే అన్నంత ధీమాగా. నేను కాదనలేదు.

ఇప్పుడామె మైదుకూరులో ఇంటిపట్టునే ఉంటుంది, వంటశాల నాకు అప్పగించింది. నేను ఎక్కడ బల్ల వేసినా గిన్నెల వరసలో ఒక చోటు వదిలేస్తాను. పూల అలంకరణవాళ్ళకు ఆ చోటు చూస్తే చేతులు ఊరుకోవు, కుండీ తెచ్చి పెట్టబోతారు. అక్కడ నీళ్ళ పళ్ళెం కింద మంట ముట్టిస్తే పెండ్లివాళ్ళు వచ్చి, ఏమీ లేనిచోట మంట ఎందుకు దండగ అంటారు. వచ్చేదాని కోసం అంటాను. ఏమొస్తుంది అని అడిగితే, ముందు మీకు దేని మీద బెంగో చెప్పండి అంటాను. వాళ్ళు నవ్వి, తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెడతారు. నేను వింటూ కూర్చుంటాను. పక్కన ఆ ఖాళీ చోట నీళ్ళు కాగుతూ ఉంటాయి.