చిలుక ముట్టని మెతుకు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒక చిలుక వచ్చింది. పిల్లగా తెచ్చి మచ్చిక చేసుకున్నది కాదు, వేరొకరి చేతి కూడు తిని ముదిరిన చిలుక. మా పెద్దమ్మ చనిపోతే దాన్ని చూసే దిక్కులేక ధర్మపురి నుంచి మా ఊరికి తెచ్చుకున్నాం. చిలుకలను పంజరంలో పెట్టడం ఇప్పుడు నేరమట. మంచిదే. ఆ పంజరం ముందు కూర్చుని నేను పడ్డ బాధ ఏ పిల్లా పడకూడదు.

పెద్దమ్మ అంటే మా అవ్వకు సొంత అక్క. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. పెద్దమ్మకు పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు, ఆ ఒంటిగది ఇంట్లో ఆమెకు తోడున్నది ఈ చిలుక ఒక్కటే. ఒంట్లో బాగాలేదని, ఒకసారి వచ్చి పొమ్మని ఆమె కబురు పంపేసరికి మాకు నాట్లు పడ్డాయి. బాపు బొంబాయిలో పనికి పోయి ఉన్నాడు, పొలం చూసుకోవడానికి అవ్వ తప్ప వేరే మనిషి లేదు. నాట్లు కాగానే పోదామనుకుంది. నాట్లు కాకముందే చావు కబురు వచ్చింది.

గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ల మనసు చల్లబడ్డట్టు. అప్పుడే ఇంటివాళ్లు తింటారు. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ఆ రోజు కాకులు పైన తిరిగాయి గాని ఒక్కటీ కిందికి దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. చివరికి పెద్దవాళ్లు ఆ విస్తరి తీసి ఆవుకు పెట్టి, అయిపోయింది పదండన్నారు. అవ్వ మాత్రం కదలలేదు. "మా అక్క నా మీద అలిగింది, నా చేతి కూడు ముడ్తలేదు" అంటూ ఇసుకలో కూలబడింది.

దానికి తోడు ఈ చిలుక. ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి అది గింజ ముట్టలేదు. పంజరంలో వెనక మూలకు ఒదిగి, ఈకలు ఉబ్బించుకుని, గోడవైపు మొహం పెట్టి కూర్చుంది. జామపండు పెట్టాం, పచ్చిమిరపకాయ పెట్టాం, నానబెట్టిన శనగలు పెట్టాం. చూడనైనా చూడలేదు. నేను వేలితో నోటికి అందించబోతే రక్తం వచ్చేలా కొరికింది. పక్కింటి అక్క వచ్చి చూసి, "మొక్కై వంగనిది మానై వంగుతదా? ముదురు చిలుక, కొత్తోళ్లకు అలవాటు కాదు. ఇడిసిపెట్టుండ్రి" అన్నది. ఎగరడం మరిచిన పిట్టను వదిలిపెడితే పిల్లులు బతకనిస్తాయా!

అవ్వకు అది చిలుకలా కనబడటం మానేసింది. గోదావరి ఒడ్డున దిగని కాకే ఇలా ఇంటికొచ్చి కూర్చున్నదనుకుంది. పెద్దమ్మకు ఇష్టమని చేపల పులుసు వండింది, బియ్యప్పిండితో సర్వపిండి కాల్చింది. ఒక్కొక్కటే పంజరం ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడేది. "అక్కా, జర ముట్టు. నాదే తప్పు" అని బతిమాలేది. అది ముట్టేదాకా తాను మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. చాయ నీళ్లతోనే ఉంటూ, పొయ్యి దగ్గర నుంచి లేవాలంటే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. నాకు వేరుగా వంటింట్లో పెట్టేది గాని, ఆమె అట్లా ఉంటే నాకు మాత్రం ఎలా దిగుతుంది?

నాకున్నది ఒకటే భయం. చిలుక చస్తే అవ్వ కూడా చస్తుంది. బాపుకు కబురు ఎట్లా పంపాలో కూడా నాకు తెలియదు. పంజరం కమ్మీలు పట్టుకుని, "తినవే, నీ కాళ్లు మొక్కుత, జర తినవే" అని వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. నేనెంత దగ్గరికి జరిగితే అదంత మూలకు నక్కేది. దాని రొమ్ము ఎముక ఈకల్లోంచి పొడుచుకొచ్చి కనబడేది.

అప్పుడు చెన్నూరు నుంచి మా తాత వచ్చాడు, అవ్వ తండ్రి. పెద్దకూతురు ఎట్లాగూ పోయింది, చిన్నదాన్నయినా చూసిపోదామని వచ్చిన మనిషికి ఇల్లు ఇలా కనబడింది. అవ్వ చెప్పిందంతా విన్నాడు. పంజరం ముందు వరుసగా పెట్టిన గిన్నెలను చూశాడు. తర్వాత, "గీ ఇంట్ల దాని ముంగట ఎవలన్న తిన్నరా?" అని అడిగాడు. అవ్వకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పిట్ట ముట్టకముందు మనుషులెట్లా తింటారు?

"అది కాకి కాదు బిడ్డ. మీ అక్క కంచంల తిని పెరిగింది. తిందాం రా బిడ్డా అని పిలిచి, పక్కన కూసుండబెట్టుకొని తినేది మీ అక్క. అది ఎన్నడన్న ఒక్కతే తిన్నదా? మీరు దాని కోసం చూస్తుండ్రు, అది మీ కోసం చూస్తుంది" అన్నాడు తాత.

పంజరం తలుపు తీసిపెట్టాడు. తనకూ నాకూ కంచాల్లో సర్వపిండి పెట్టించి, పంజరానికి వీపు పెట్టి కూర్చోమన్నాడు. వెనక్కి చూడొద్దన్నాడు. నాకు దిగదు, తినలేనన్నాను. "దిగకున్నా నములు పిల్లా. దానికి చప్పుడు ఇనవడాలె" అని తానే ముందు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కన్నకూతురు పోయినవాడు. నములుతుంటే కన్నీళ్లు గడ్డం మీదుగా కారి కంచంలో పడుతున్నాయి, అయినా ఆయన నమలడం ఆపలేదు. ఆయన్ని చూసి నేనూ నమిలాను. కరకరలాడే అంచులన్నీ అయిపోవస్తున్నా వెనక ఏ అలికిడీ లేదు. ఇక ఇంతే, అంతా అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు కమ్మీల మీద గోళ్లు గీరుకున్న చప్పుడైంది. తర్వాత నేల మీద మెల్లటి నడక. తాత నా చెయ్యి పట్టుకుని, కదలొద్దని అదిమాడు. నా మోచేతి కింద నుంచి ఆకుపచ్చ తల ఒకటి దూరి, నా కంచంలో ఆఖరి తునకను లాక్కుంది. కాలితో పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది.

గడపలో నిలబడ్డ అవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. చిలుక ఆమె వైపు మెడ తిప్పి, మా ఇంటికి వచ్చాక మొదటిసారి మాట్లాడింది. "తిందాం రా బిడ్డా" అన్నది. అచ్చం పెద్దమ్మ గొంతు. అవ్వ బావురుమంది. ఏడుస్తూనే వచ్చి నా పక్కన కూర్చుంది, తాత తుంచి నోటికందిస్తే తిన్నది. ఆ మాట పెద్దమ్మ అన్నదా, చిలుక అలవాటుగా అన్నదా అని అవ్వ అడగలేదు, తాతా చెప్పలేదు.

ఆ చిలుక మా దగ్గర చాలా ఏళ్లు బతికింది. నా వేళ్లు కొరకడం ఎన్నడూ మానలేదు గాని, దొరసాని నా కంచంలో తప్ప తినేది కాదు.

మొన్న మా వాడకట్టులో ఒక తల్లికి, చేతికందిన కొడుకు దుబాయి నుంచి పెట్టెలో వచ్చాడు. అందరూ ఆమె ముందు అన్నం పెట్టి, తిను తిను అని బతిమాలుతున్నారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఇంకో కంచంలో అన్నం పెట్టుకుని, పక్కనే ఆమెకు వీపు పెట్టి కూర్చుని తినసాగాను. ముసల్ది చావింటికొచ్చి కడుపు నింపుకుంటోందని ఎవరో గొణిగారు. గొణగనీ. ఆ మెతుకు గొంతు దిగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎంతసేపటికో నా వెనక కంచం నేల మీద జరిగిన చప్పుడైంది. నేను వెనక్కి చూడలేదు, నమలడం ఆపలేదు.