ఆ రెండిళ్లే

పర్సిస్ పుట్టిన ఊళ్లో ఒకే ఇంటివాళ్ల రాజ్యం: మొదట తాత ఎమ్మెల్యే, ఆయన తర్వాత కొడుకు, ఆపైన కోడలు. ఆ ఇంటివాళ్ల కోసం ప్రచారానికి తిరగనన్నందుకు బడిపంతులైన ఆమె తండ్రిని మన్యానికి బదిలీ చేయించారు. అందుకే ఫ్రీమాంట్‌లో నర్సుగా స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు, ఇక ఏ ఇంటిపేరుకీ దండం పెట్టక్కర్లేదని ఆమె మురిసిపోయింది.

2016లో మొదటిసారి ఓటొచ్చింది. పోస్టులో వచ్చిన బ్యాలెట్‌ను డైనింగ్ టేబుల్ మీద పరిచి చూసుకుంది. ఒకవైపు మాజీ అధ్యక్షుడి భార్య, అవతల ఓ కోటీశ్వరుడైన వ్యాపారి. అంతకుముందు, తండ్రీ కొడుకులు అధ్యక్షులుగా ఏలిన ఇంకో ఇంటినుంచి రెండో కొడుకు కూడా పోటీకి దిగి, మధ్యలోనే తప్పుకున్నాడు.

“ఇంత దేశంలో ఈ రెండిళ్లే దొరికాయా అండీ?” అంది.

“అయితే అవతలాయనకి వేసెయ్,” అన్నాడు భర్త షాలేం రాజు.

“వలస వచ్చినవాళ్లని అన్నేసి మాటలంటున్నాడు. రేపు మా చెల్లి వీసా ఏం కావాలి?”

“పోనీ స్కిప్ చెయ్.”

“ఇన్నేళ్లు వెయిట్ చేసింది స్కిప్ చెయ్యడానికా?”

చివరికి మనసొప్పకుండానే ఆ భార్య పేరు పక్కన గడి నింపింది. ఆవిడ ఓడిపోయింది. చెల్లెలి గురించి దిగులుపడుతూనే, ఒక ఇంటి ఏలుబడైనా ఆగిందని పర్సిస్ లోలోపల ఊపిరి పీల్చుకుంది.

కొన్ని నెలలకే కొత్త అధ్యక్షుడు కూతురినీ అల్లుడినీ సలహాదారులుగా పెట్టుకున్నాడు.

“మూడో ఇల్లు కూడా మొదలైందండీ,” అంటూ టీవీ కట్టేసి, పర్సిస్ డ్యూటీకి బయల్దేరింది.