మూత తీసిన మొనగాడు

ఆ రోజుల్లో (మరీ పాతవేం కావు, చేతిలో ఫోన్ ఉన్న రోజులే) తొమ్మిదో తరగతిలోనే నా చదువుకి మూత పెట్టేశాను. జీవితంలో నేను పెట్టిన మూతల్లో గట్టిగా బిగిసింది అదొక్కటే. పందొమ్మిదేళ్లు వచ్చాక, ఇక లాభం లేదని ఇంట్లోవాళ్లు నన్ను బెజవాడలో పెళ్లిళ్లకి బిర్యానీ వండే మాస్టర్ దగ్గర చేర్చారు. ఆయన బడి గుమ్మమే ఎక్కలేదు. కానీ డేగిసా మీద మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి మెత్తి, చెవి దగ్గరగా పెట్టి లోపల అన్నం ఎంతవరకు వచ్చిందో చెప్పేవారు. (డాక్టర్లకైతే గొట్టం కావాలి.)

ఆ రోజు మైలవరం పెళ్లి, వంట మాత్రం బెజవాడలోనే. ఆ ఊరి నుంచి మాస్టర్‌కి అదే మొదటి పిలుపు. బిర్యానీ చెడితే ఆయన పేరు, నా పని రెండూ పోతాయి. "దమ్ మీద ఉంది, సగంలో మూత తీస్తే పాడవుతుంది, ముట్టుకోకు" అని చెప్పి ఆయన నమాజుకి వెళ్లారు. నాకేమో లోపల ఏం జరుగుతోందో చూడకపోతే ప్రాణం నిలవదు. పిండి గీకి మూతెత్తాను. ఆవిరి మొహాన కొట్టింది. వాసన మసీదు దాకా వెళ్లింది, దాని వెంటే మాస్టర్ వచ్చేశారు.

"ఎవడ్రా తీసింది?"

"గాలికి లేచింది మాస్టర్."

"పిండి కూడా గాలే గీకిందా? మరి నీ గోళ్లలో ఉన్నదేంటి?"

అంతకు మించి తిట్టలేదు. "మూత లేని డేగిసాలోంచి వేడీ పోతుంది, ఆవిరీ పోతుంది. పిండి పెడితే ఆవిరి కదలదు, వేడి మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. అన్నాన్ని ఉడికించేది ఆ ఆవిరేరా. నువ్వు దాన్ని ఊరి మీదికి వదిలావు" అంటూనే కాసిని వేడిపాలు చిలకరించి, కొత్త పిండి మెత్తి, మూత మీద నిప్పులు పోశారు. దమ్ అయ్యాక డేగిసాని బొంతల్లో, గోనెపట్టాల్లో చుట్టి వ్యాన్ ఎక్కించారు. "ఇక వేడీ బయటికి పోకూడదు. కాపలా నువ్వే" అన్నారు. దొంగకే తాళాలు! మైలవరంలో పెళ్లికూతురి మేనమామ "కాస్త రుచి చూపించు బాబూ" అంటే మూతని రెండు చేతులా వాటేసుకున్నాను. వడ్డించేటప్పుడు పొగలు వచ్చాయి, మెతుక్కి మెతుకు అంటలేదు. నేను ఊపిరి పీల్చుకుంది అప్పుడే.

మొన్న ఇంటర్ చదివే మా అక్క కూతురు ఓపెన్ సిస్టమ్, క్లోజ్డ్ సిస్టమ్, ఐసొలేటెడ్ సిస్టమ్ అని బట్టీ పడుతుంటే అర్థం అడిగాను. మొదటిదాంట్లోంచి వేడీ, సరుకూ రెండూ పోతాయని, రెండోదాంట్లోంచి వేడి ఒక్కటే పోతుందని, మూడోదాంట్లోంచి ఏదీ పోదని చెప్పింది. "ఇవి మా మాస్టర్ డేగిసాలే కదే!" అన్నాను. "మూడోది నిజంగా ఎక్కడా ఉండదు మామయ్యా, ఎంతో కొంత వేడి పోతూనే ఉంటుంది" అంది. మా బొంతలు మాత్రం మైలవరం దాకా పరువు కాపాడాయి.

ఆ సాయంత్రమే వెళ్లి మాస్టర్‌కి చెప్పాను. నవ్వారు. "ఆ రోజు నన్నెందుకు పంపేయలేదు మాస్టర్?" అని అడిగాను.

"సగంలో మూత తీస్తే పాడవుతుందని చెప్పింది నేనే కదరా. నువ్వింకా దమ్ మీదే ఉన్నావు."