ఓనరమ్మ అడిగిన జాగా

ఎర్రగుంట్లలో మా ఎదురింటి రాజ్యలక్ష్మమ్మ దగ్గర బాడుగకు దిగడమంటే మాటలు కాదు. గోడకు మేకు కొట్టకూడదు. చుట్టాలు రెండు రోజులకు మించి ఉండకూడదు. ఆమె నోటికి జడిసి ఖాళీ చేసినవాళ్లను నేనే ముగ్గుర్ని చూశాను. మొగుడు పోయాక, ఇంటి పక్కనే ఉన్న ఆ ఒక్క పోర్షన్ బాడుగే ఆమెకు కూడూ గుడ్డా. అది తెలిసినా నాకు ఒళ్లు మండేది.

ఆ పోర్షన్‌లో ఉండేది ఓబుళేశు, సిమెంటు లారీ డ్రైవరు. మొన్న మాఘమాసంలో అతని తల్లి సుంకులమ్మను ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇక రెండు మూడు రోజులే. మా వైపు బాడుగ ఇంట్లో ప్రాణం పోనివ్వరు. చావు జరిగిన ఇంట్లో కొత్తవాళ్లు దిగరు. నక్షత్రం చెడ్డదైతే ఇల్లే నెలల తరబడి మూసెయ్యాలి. ఓబుళేశు ఎవరినీ ఏమీ అడగలేదు. పక్కనున్న ఖాళీ స్థలంలో టార్పాలిన్ కట్టి, ఇంకా ఊపిరున్న తల్లికి అక్కడ మంచం వేశాడు. చూడలేక నేను తలుపేసుకున్నాను. మా ఇంటికి తెమ్మనడానికి నాకూ నోరు రాలేదు, సిగ్గుచేటు.

ఇంతలో రాజ్యలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"మీకు ఇబ్బంది లేకుండా అమ్మను ఈడ పెడతాండా, అమ్మా."

"నీ పోర్షన్‌లో వద్దులే, నిజమే. రేపు నాకు తిండెట్ల? మంచం పట్టు, నా ఇంట్లోకి తీసుకురా. నా ఇల్లు నేనెవురికీ బాడుగకు ఇచ్చేది లేదు గదా!"

సుంకులమ్మ ఆమె నడింట్లో, ఫ్యాను కింద, కొడుకు పోసిన నీళ్లు తాగి మూడోరోజు పొద్దున పోయింది. అయ్యవారు పంచాంగం చూసి ధనిష్ఠ అన్నాడు. ఆరు నెలలు ఆ ఇంటికి తాళం. పరాయి ముసలమ్మ కోసం ఈమె వీధిన పడిందే అని ఊరు బుగ్గలు నొక్కుకుంది.

కర్మ అయిన మరునాడు రాజ్యలక్ష్మమ్మ తన ఇంటికి తాళం వేసి, చాప, బట్టల మూట పట్టుకుని ఓబుళేశు గడప ముందు నిలబడింది. తన పోర్షనే అయినా లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏమప్పా, ఒక్కదాన్నే. ఆర్నెల్లు ఈడ ఉండనిస్తావా?"

ఓబుళేశు చాప అందుకున్నాడు.

"మా అమ్మ పండుకునే జాగా ఖాళీగా ఉండాది. రామ్మా."